వాన నగరంలో ఒకే ఒక్క సేవ్

సరళా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ మధ్యాహ్నం మన అమ్మాయి రమ్య కంప్యూటర్లో నీ పాత తుపాకుల ఆట తెరిచింది. అదే నియాన్ దీపాల నగరం, ఒంట్లో తీగలున్న సైనికులు, ఆగని వాన.

"మన గార్లదిన్నెలో పడని వానంతా ఈడ్నే పడుతాండాది నాయనా!" అని నవ్వింది.

ఆటలో రెండు క్షణాల్లో చచ్చిపోయింది. మళ్లీ తెరిచింది, మళ్లీ చచ్చింది.

"ముగ్గురు కాలుస్తాంటే అమ్మ ఈడ ఏంటికి సేవ్ చేసినాది?"

నాకు తెలుసు. ఫ్యాను నెమ్మదిస్తే చాలు, కరెంటు పోతుందని ఉన్నచోటే సేవ్ చేసేదానివి. ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు కూడా అలాగే చేశావు. నీ ఆటలో మిగిలింది ఆ ఒక్కటే. కొత్తగా సేవ్ చేస్తే అది చెరిగిపోతుంది.

ఎన్నోసారికో రమ్య వంగి పరుగెత్తి ఇనుప తలుపు దాటింది. వెనక తలుపు మూసుకుంది. ఖాళీ గది. సేవ్ చేసే మీట మీద వేలు పెట్టి నా వైపు తిరిగింది.

"చెయ్యల్లా, వద్దా? చేస్తే అమ్మది పోతాది. నువ్వే చెప్పు నాయనా."

చేయమన్నాను.

ఇక ఆట ఎప్పుడు తెరిచినా ఆ గదే వస్తుంది. అక్కడ నీ మీద ఎవరూ కాల్చడం లేదు.