దొర చల్లిన కనకాంబరాలు

పలాస స్టేషను, జ్యేష్ఠ బహుళ దశమి, బుధవారం

ప్లాట్‌ఫారం పక్క మడిలోని కనకాంబరాలన్నీ ఈరోజు రైల్వే దొర పీకించేశాడు. స్టేషనుకి గులాబీలే అందమట. వాటిని కలకత్తా నుంచి బుట్టల్లో తెచ్చాడు. వచ్చే తనిఖీకి అవి పూయకపోతే స్టేషను మాస్టరునైన నన్ను ఏదో అడవి స్టేషనుకి తోలేస్తాడట.

ఆ కనకాంబరాలు వేసింది మా స్టేషను ఊడ్చే నూకాలమ్మ. ఇసకమట్టిలో బూడిద కలిపి, సగం నీడ చూసి, నీళ్లు నిలవకుండా మడి కట్టింది. "ఈ ఎండకి గులాబీ బతుకుతాదేటి బాబూ?" అంటూనే ఇవాళ తను వేసిన మొక్కల్ని తనే పీకింది. పూలు రాలి ఎండిన కంకుల్ని మాత్రం ఏరి, గులాబీల మొదళ్ల చుట్టూ పరిచింది. ఎందుకని దొర అడిగితే, వేళ్లకి చలవ అని నేనే చెప్పాను.

నీళ్లెలా పోయాలో మాకు నేర్పుతానని దొర స్వయంగా డబ్బా అందుకున్నాడు. కంకులు తడిశాయి. తడి తగిలితే చిట్లే కాయలవి; కాసేపటికి టప్‌టప్‌మని పగిలి, గింజలు మడంతా చిమ్మాయి, ఆయన బూట్ల మీద కూడా. పురుగులనుకుని వెనక్కి గెంతాడు.

"సూడండి బాబూ, దొరే ఇత్తనాలు జల్లేసినాడు," అని నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బదిలీ అంటే భయం లేదని రాస్తే అబద్ధమే. ఇంట్లో ఇంకా చెప్పలేదు. అయినా మొలకలొచ్చాక పీకమంటే ఈసారి పీకించను. మీ చేత్తో మీరు చల్లినవాటిని పీకే అధికారం నాకెక్కడిది దొరా అని, ఆయన ముఖం మీదే అడుగుతాను.