పదకొండడుగుల వంతెన

అమ్మా నాడీన్, ఇద్దరం బతికే ఉన్నాం, కంగారుపడకుండా చదువు.

మొన్న రాటన్ ఊరి దగ్గర రైలు వంతెన కింద దూరుతుంటే అది తగిలి, మంచం పొయ్యీ ఉన్న మన ఇల్లుబండి పైకప్పు చీరుకుపోయింది. ఇరవై ఏళ్లుగా మ్యాపు మీ అమ్మ ఒళ్లో, స్టీరింగు నా చేతిలో. వంతెన ఎత్తు తను చదువుతుంది, నేను ఆగుతాను. మొన్నా చదివింది: "పదకొండడుగులు. పోనీయ్, ముసలి గాడిదా!" మన బండి పన్నెండున్నర; అయినా అలవాటుగా తన మాటే నమ్మి పోనిచ్చేశాను. పోలీసు "ఎక్కడికమ్మా ప్రయాణం?" అంటే, "మా అమ్మ దగ్గరికి, ఆలస్యమైతే తిడుతుంది" అంది. మీ అమ్మమ్మ పోయి నలభై ఏళ్లు.

ఈ చలికి ఇంట్లో పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా కుళాయిలు సన్నగా వదిలి ఉంచారా? నా మంచు తోసే పార భద్రమేలే, మీ ఆయన పని జోలికి పోడుగా.

కప్పు అతికించారు. కానీ నాకు మ్యాపు చదవడం రాదు తల్లీ. ఇన్నేళ్లూ మీ అమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇల్లుబండ్లు ఆపుకునే ఈ క్యాంపులో దిగాక రోజూ పొద్దున్నే మ్యాపు తలకిందులుగా పరుచుకుని "బండి తియ్యి" అంటోంది. ఇంజను చెడిందంటున్నాను. నువ్వొచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకుపో. నా దగ్గర అబద్ధాలు అయిపోవచ్చాయి.

మీ అందరి మీదా దేవుడి చల్లని చూపు ఉండాలి, మీ అమ్మ మీద కాస్త ఎక్కువ.

నాన్న