చెప్పుల కాపలా

ఏమండీ,

మీరు పోయాక మొదటిసారి నిన్న పిల్లలిద్దర్నీ వైజాగ్ తీసుకెళ్లాను. ఖర్చు తక్కువని మీ పద్ధతే పట్టుకున్నాను. అనకాపల్లిలో ప్యాసింజర్ బండి ఎక్కి, ఇంటి పులిహోర తిని, బీచికి వెళ్లాం.

పదో తరగతికొచ్చిన మన పాప నీళ్ల దగ్గర ఆగిపోయింది. "అమ్మా, సెప్పుల కాడ ఎవరుంటారు?"

ఎప్పుడూ మీరే కదా. "ఎవరైనా అట్టుకుపోతారు, మీరెల్లండి" అనేవారు.

"నేను కూకుంటాను, తమ్ముణ్ణి తీసుకుని ఎల్లు" అన్నాను.

మూడు జతలూ పక్కన పెట్టుకుని ఇసకలో కూర్చున్నాను. వాళ్ల నవ్వులు వినబడుతున్నాయి. రెండుసార్లు చెయ్యి ఊపాను. ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

ఇన్నేళ్లూ వాళ్లతోపాటు నీళ్లలో నేనూ ఉన్నానండీ. ఒక్కసారైనా తిరిగి చూసిన గుర్తు లేదు.

మీరూ చెయ్యి ఊపేవారా?