తగ్గిందన్న మాట

4 ఆగస్టు 2007

మా ల్యాబ్ రీసెర్చ్ పేపర్ వచ్చేసింది! జర్నల్లో మొదటి పేరు నాదే. బ్లడ్ కాన్సర్‌కి రోజూ మాత్ర వేసుకునేవాళ్ల రక్తంలో రోగం ఎంత మిగిలిందో కొలిచిన లెక్కలు. కళ్లు పోయేలా చేశాను ఆ పని.

ఇంటికి రాగానే ఒక కాపీ పట్టుకుని కింది ఫ్లోర్‌కి పరిగెత్తాను, హాజరా వాళ్లింటికి. వాళ్లాయన అజ్మత్ భాయ్ రక్తం కూడా ఆ లెక్కల్లో ఉంది మరి. వరంగల్ వాళ్లు. సింగపూర్‌లోని ఈ హౌగాంగ్‌లో నాకు తెలుగు వినబడే గుమ్మం అదొక్కటే. భాయ్ యథాప్రకారం హెడ్‌సెట్ పెట్టుకుని కాల్‌లో ఉన్నాడు, బ్యాంకు ప్రాజెక్టు గో-లైవ్ దగ్గరపడిందట. హాజరా పేజీలు తిప్పి తిప్పి, ఇదంతా నాకేం సమజైతదక్కా, తెలుగుల చెప్పు అంది. తగ్గింది, బాగా తగ్గింది అన్నాను. ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, సిగ్గులేకుండా.

19 ఆగస్టు

హాజరా నా పేపర్‌ని లామినేట్ చేయించి హాల్లో గోడకి తగిలించింది. పిచ్చిపిల్ల! పైకి విసుక్కున్నాను గానీ వచ్చేముందు ఇంకోసారి చూసుకున్నాను.

2 సెప్టెంబర్, సాయంత్రం

ఇప్పుడే కిందినుంచి వచ్చి రాస్తున్నాను.

హాజరా ఖుబానీ మీఠా తెచ్చింది. దాంతోపాటు ఒక కవర్. అందులో భాయ్ మాత్రలు, సీలు కూడా తియ్యని డబ్బాలు. ల్యాబ్ తరఫున ఎవరైనా లేనోళ్లకి ఇయ్యమంది. మరి భాయ్‌కో అన్నాను. తగ్గిందన్నవు కదక్కా, ఆ దినం నుంచే బంద్ చేసిండు, గోలీలతోటి వచ్చిన కండ్లవాపు పోయింది, బువ్వ మంచిగ తింటున్నడు అంది. నవ్వుతూ అంది!

ఓరి దేవుడా. జ్వరం తగ్గిందంటే పోయిందనేగా. మా అమ్మ దగ్గు తగ్గిందంటే సిరప్ ఇంక ఆపెయ్యమని నేనే అంటాను. నేను చెప్పింది అంకె. తను విన్నది ఆరోగ్యం.

కిందికి పరిగెత్తి కాల్ మధ్యలోనే అరిచాను. ఆ మాత్ర ఆపితే రోగం తిరగబడుతుంది, మళ్లీ వేసుకున్నా లొంగకపోవచ్చు, చచ్చిపోతావు భాయ్ అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. ఆ వాచిన మొహంతో రోజూ ఆఫీసుకి పోయేది నువ్వు కాదు అన్నాడు. తర్వాత గోడకేసి చూపించి, రాసింది నువ్వే కదా అన్నాడు.



3 సెప్టెంబర్

హాస్పిటల్‌కి ముగ్గురం వెళ్లాం. డాక్టరు భాయ్‌ని తిట్టాడు. ఆ తిట్లు నాకు తగలాల్సినవి. మాత్ర మళ్లీ మొదలు. రక్తం తీశారు.

6 సెప్టెంబర్

నిద్ర లేదు, తిండి లేదు. ల్యాబ్‌లో పని మధ్యలో వదిలేసి బయటికొచ్చేశాను. ట్రైన్ ఎక్కి ఎక్కడో ఊరి చివర క్రాంజీ స్టేషన్ దాకా పోయాను. అక్కడ నాకేం పని? ప్లాట్‌ఫామ్ మారి మళ్లీ ఎక్కాను. శాంపిల్ మా ల్యాబ్‌కే వస్తుంది. దాన్ని నన్ను ముట్టుకోనివ్వద్దని పక్క బెంచ్ వరుణ్‌కి ముందే చెప్పి పెట్టాను.

11 సెప్టెంబర్

పెరిగింది. బాగా పెరిగింది. ఈ మాటకి మాత్రం తెలుగులో ఏ తికమకా లేదు.

 మాత్ర మళ్లీ పనిచేస్తుందా అని భాయ్ అడిగాడు. నెలాగి ఇంకో టెస్ట్ చేస్తేగానీ తెలీదన్నాను. గోడమీద నా పేపర్ లేదు, మేకు ఉంది. హాజరా టీ ఇచ్చింది గానీ నా మొహం చూడలేదు. అక్కా అని పిలవనూ లేదు.

14 సెప్టెంబర్

రంజాన్ మొదలైంది. డాక్టరుని అడిగి, భాయ్ సాయంత్రం రోజా ఉపవాసం విడిచి అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటున్నాడట. హాజరా ఎదురుగా కూర్చుని మింగిస్తోందట. వరుణ్‌కి హాస్పిటల్ నర్సు చెబితే నాకు తెలిసింది. నాకెవరు చెబుతారు?

28 సెప్టెంబర్

లిఫ్ట్‌లో కలిసింది. ఇద్దరం ఫ్లోర్ నంబర్లకేసి చూస్తూ నిలబడ్డాం.

12 అక్టోబర్

రిపోర్ట్ వచ్చింది. నువ్వే వచ్చి హాజరాకి చెప్పు అని భాయ్ ఫోన్ చేశాడు. వెళ్లాను. ఇఫ్తార్ అయిపోయింది, ఇంకా ప్లేట్లు తియ్యలేదు.

ఏమైందక్కా అంది హాజరా. అక్కా అంది!

తగ్గింది అని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. తగ్గుతోంది అన్నాను.

 అంటే అయిపోలేదన్నట్టు కదా అంది హాజరా. అయిపోలేదన్నాను.

లేచి వెళ్లి మాత్ర, గ్లాసుతో నీళ్లు తెచ్చి భాయ్ ముందు పెట్టింది.