కాకికి ఇచ్చిన మాట

సావిత్రీ,

నీ పదో రోజున నరసాపురం రేవులో పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదు. "అక్కకేదో కోరిక మిగిలిపోయిందండి బావగారూ, తీరుస్తానని చెప్పండి" అంది మీ చెల్లెలు. రిటైరయ్యాక శ్రీలంకలో సముద్రం పక్కన ఉందామనేదానివి. "నేనొక్కణ్ణయినా వెళ్లి ఉంటాను" అన్నాను. కాకి వాలింది.

వచ్చాను. మన చిన్న పెన్షన్‌కే సముద్రం కనిపించే వాటా దొరికింది, వంటమనిషి కూడా.

ఇవాళ నీ సంవత్సరీకం. పొద్దున గోడ మీద ముద్ద పెట్టగానే కాకులు తినేశాయి. నేను భోజనం చేస్తుండగా మీ చెల్లెలు ఫోన్ చేసింది.

"ఒక్కరూ అంత దూరంలో... కష్టంగా ఉందా బావగారూ?"

"ఏదోనమ్మా, మీ అక్క కోసం" అన్నాను.

నిజానికి ఇక్కడ హాయిగా ఉంది. ఆ మాట నీకు రాయడానికీ సిగ్గుగానే ఉంది. ఫోన్ పెట్టేసి, కొబ్బరిపాల కూర మళ్లీ వడ్డించుకున్నాను.