పిల్లి కాలికి నేను కట్టిన తాడు

అమ్మాయికి, మేం క్షేమం. పిల్లి సంగతే ఇంకా తేలలేదు.

పొద్దున సామాన్ల గదిలో దాని ముందుకాలి మీద పాము కాటేసింది. బడిలో ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినట్టే, కాటుకు పైన తాడు బిగించి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు ఆ తాడే విప్పాడు.

"ఇది కట్టిన మహానుభావులెవరమ్మా? కట్టకూడదు, కోయకూడదు. కదలనివ్వకుండా బుట్టలో పెట్టి వెంటనే తేవాలి, అంతే."

నా వెంట వచ్చిన మీ నాన్న గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టారు.

డాక్టరు సూది వేశాడు. కాలు బాగా వాచింది. రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నాడు.

నీ పెరట్లో గడ్డి కోయించావా? ఆ తాడు కట్టే పాఠం నువ్వూ నా క్లాసులోనే నేర్చుకున్నావు, నూటికి నూరు వేశాను. ఆ మార్కులు కొట్టేస్తున్నాను. పిల్లలకు ఈ కార్డు చదివి వినిపించు. అమ్మమ్మ దీవెనలు అందులోనే ఉన్నాయి.

అమ్మ