వచ్చినాయన కదలడం లేదు

కృష్ణపట్నం,
నవంబరు 1961, సోమవారం

ప్రియమైన తమ్ముడు హెబ్రోనుకు,

అక్క తబితమ్మ ప్రభువు పేర వందనాలు చెప్పి రాయడమేమంటే, ఇక్కడ నేనూ మేకలూ క్షేమం. మీ బావ పంతుళ్ళ శిక్షణకని కావలి పోయి ఇంకా రాలేదు. నేనొక్కదాన్నే ఉన్నాను.

పోయిన నెల నువ్వు మా గుళ్ళో నిలబడి, ముక్కూ మొహం తెలియనివాడు వచ్చినా తలుపు మూయకండి, ఆ రూపంలో దేవదూతలే రావచ్చు అని కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పినావే, ఆ మాట నేను పాటించాను. శనివారం గాలివాన తగ్గాక ఒక మనిషి తడిసి ముద్దయి వచ్చి వసారాలో నిలబడినాడు. "పడవ పోయిందమ్మా" అన్నాడు, అంతే, ఇంకో మాట లేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, మీ బావ పంచె ఇచ్చి, అన్నం పెట్టాను. పెట్టిందంతా తిన్నాడు. మర్నాటికని దాచిందీ తిన్నాడు.

ఇప్పుడు నాకు భయంగా ఉందిరా. అతని మొలలో కత్తి ఉంది. వచ్చినప్పట్నుంచి దాన్ని నా రోటి అంచు మీద సాన పడుతున్నాడు. తర్వాత ఇంటి కప్పు కేసి చూస్తూ కూర్చుంటాడు. నిన్న తెల్లవారుజామునే తన బట్టల మూట తీసుకుని లేచినాడు. హమ్మయ్య అనుకుని, ప్రయాణమయ్యేవాళ్ళకు ప్రార్థన చేసి పంపడం మన ఇంటి పద్ధతి కదా, ఎదురుపోయి, ఏ ఊరు పోతావు నాయనా అని అడిగాను. నా మొహం కేసి ఒక్క చూపు చూసి, మూట దించి, మళ్ళీ వసారాలో కూర్చున్నాడు. ఈ పొద్దునా అంతే. పోయే ఊరి పేరు చెప్పలేని మనిషి ఎలాంటివాడో నువ్వే ఆలోచించు.

ఈ ఉత్తరం బస్సు కండక్టరు రంగనాయకులుకిచ్చి పంపుతున్నాను. జవాబు ఆయన చేతికే ఇవ్వు.

ఇట్లు,
నీ అక్క తబితమ్మ

తా.క.: దేవదూతలకు చేపల పులుసు ఇంత ఇష్టమని నువ్వు గుళ్ళో చెప్పలేదు.


నెల్లూరు,
సోమవారం సాయంత్రం

గౌరవనీయులైన అక్కయ్యకు,

తమ్ముడు హెబ్రోను వందనాలు. నీ ఉత్తరం విని నీ మరదలు సలోమి చేతిలో గరిటె జారవిడిచింది. నేను మాత్రం ధైర్యంగానే ఉన్నాను. ఇంటికొచ్చినవాణ్ణి అనుమానించడం మన విశ్వాసానికి తగదు.

అయితే కత్తి సంగతి నువ్వు మొదటి వాక్యంలోనే రాసి ఉండాల్సింది. మా ఆసుపత్రిలో మందు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. తడ దగ్గర సరిహద్దు దాటి వచ్చిన దొంగ ఒకడు ఒంటరి ఆడవాళ్ళుండే ఇళ్ళు చూసుకుని, కప్పు విప్పి దిగుతున్నాడట. నీ చుట్టం కప్పు కేసి చూస్తాడని రాసినావు. అది తలుచుకుంటే నాకు మజ్జిగ కూడా లోపలికి పోవడం లేదు.

అతన్ని పంపించెయ్యి. కోపం తెప్పించకుండా, ప్రేమగా పంపించు. ఇంకాస్త గట్టిగా అడిగి, ఇంకాస్త పెద్ద ప్రార్థన చేసి పంపించు. నేనే వద్దును గానీ, ఎడమకాలికి సెగ్గడ్డ లేచింది.

ఇట్లు,
తమ్ముడు హెబ్రోను

తా.క.: నేను గుళ్ళో చెప్పింది అందరికీ కలిపి చెప్పిన మాట. నిన్ను ఉద్దేశించి చెప్పలేదు.


కృష్ణపట్నం,
మంగళవారం

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఈ పొద్దున అతను వెనకదారిన, చెప్పకుండా, మెల్లగా పోతున్నాడు. చెప్పకుండా పోవడం దొంగల పని కాకపోతే ఇంకేమిటి? నేను చుట్టూ తిరిగి పరిగెత్తి సందు చివర అడ్డం నిలబడి, ఏ ఊరు, ఏ దారిన, ఎవరింటికి అని గట్టిగా అడిగాను. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. తిరిగొచ్చి గోడకు చేరగిలబడి తల పట్టుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది విను. మధ్యాహ్నం కత్తి నోట కరుచుకుని కప్పు ఎక్కినాడు. నేను లోపల మంచం కింద దూరాను. పైన తాటాకులు కోస్తున్న చప్పుడు చాలాసేపు వినపడింది. దిగినాక చూస్తే, వాన కారే చోట పాత ఆకు తీసి కొత్త ఆకు కట్టి ఉంది. ఆ చోటే దిగడానికి గుర్తు పెట్టుకున్నాడు.

సాయంత్రాలు ఇసకదిబ్బ మీద కూర్చుని దక్షిణం కేసి చూస్తాడు. తోడువాళ్ళ కోసమే అయి ఉంటుంది. చేపలమ్మే పేరమ్మకు చెబుదామంటే సిగ్గు. కిరస్తానం వాళ్ళు చుట్టాన్ని పెట్టుకుని మంచం కింద దూరతారా అని పల్లె అంతా నవ్వుతుంది. నువ్వొచ్చెయ్యరా.

ఇట్లు,
నీ అక్క తబితమ్మ

తా.క.: మంచం కింద మీ బావ పోగొట్టుకున్న కళ్ళజోడు దొరికింది. ఆ మేరకు దేవునికి స్తోత్రం.


నెల్లూరు,
మంగళవారం సాయంత్రం

అక్కయ్యకు,

వందనాలు. పంపించెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పొరపాటున కూడా పొమ్మనవద్దు. అడిగింది పెట్టు. అడగనిది కూడా పెట్టు. మేకను కోయమంటే మేకను కోయి.

నేను స్టేషనుకు పోయి చెప్పాను. మస్తానయ్య అనే కానిస్టేబులు రేపు బస్సులో వస్తాడు. మీసాలు చూస్తే ధైర్యం కలిగే మనిషి. అంతవరకూ నా పేరు, నా ఇంటి గుర్తులు ఆ చుట్టానికి చెప్పవద్దు. నేను రావడానికి లేదు, గడ్డ కుడికాలికి కూడా వచ్చింది.

ఇట్లు,
హెబ్రోను (పేరు చదవగానే చించెయ్యి)

తా.క.: నీ తర్వాత నీ కుట్టుమిషను ఎవరికని సలోమి అడగమంటోంది. ఏ చెడు ఉద్దేశంతోనూ కాదు.


నెల్లూరు,
శుక్రవారం

అక్కయ్యా,

బుధవారం నుంచి ఉత్తరం లేదు. కానిస్టేబులు కూడా తిరిగి రాలేదని స్టేషనులో చెప్పినారు. నాకు నిద్ర లేదు. అందరికీ నీతులు చెప్పి నిన్నొక్కదాన్ని ఆ కత్తి ముందు నిలబెట్టాను. రంగనాయకులు కూడా కనపడటం లేదు, బస్సులో వేరే కండక్టరు వస్తున్నాడు. బతికుంటే ఒక్క ముక్క రాయి.

హెబ్రోను


కృష్ణపట్నం,
శనివారం

ప్రియమైన తమ్ముడు హెబ్రోనుకు,

అక్క తబితమ్మ బతికే ఉండి రాస్తోంది. రంగనాయకులుకు బుధవారం నుంచి జ్వరం, ఈ పొద్దునే మళ్ళీ బస్సెక్కినాడు, అందుకే ఉత్తరం అందలేదు.

బుధవారం కానిస్టేబులు వచ్చి, లాఠీ నేలకు కొట్టి, ఎవడ్రా నువ్వు అన్నాడు. నా చుట్టం గొంతుక్కూర్చుని రెండు చేతులూ జోడించినాడు. అప్పుడే చేపలు తెచ్చిన పేరమ్మ తట్ట దించి, అతని పక్కన కూర్చుని, తమ చేపలవాళ్ళ మాటల్లో మెల్లగా అడిగింది. అతను ఏడుస్తూ చెప్పినాడు. తర్వాత ఆమె నా మీదికి తిరిగింది.

"ఏందక్కా నువ్వు చేసిన పని? బయలెల్లే మనిషికి ఎదురొచ్చి ఏ ఊరు పోతావని అడగతారా? ఆ పొద్దు ఈడి పెండ్లాం అట్లనే అడిగిందంట, ఆ దినమే గాలివానకి పడవ మునిగిపోయింది. నువ్వు దినామూ అడగతా ఉంటే ఇంక కాలెట్ల బయట పెడతాడు?"

"నాతో ఒక్క మాట చెప్పవచ్చు కదా" అన్నాను.

"అన్నం పెట్టిన తల్లిని నోరు మూసుకోమని ఎట్ల చెప్పేదని ఊరుకున్నాడు. వచ్చినోళ్ళని కదలనీకపోవడం మీ మతమేమోనని బయపడతా ఉండాడు."

పేరు చిన్నపోలయ్యట. పులికాటు సరస్సు ఒడ్డున పల్లె. తెల్లవారుజామున కాలువ రేవులో ఉప్పు పడవ ఎక్కితే వాళ్ళ వైపు చేరుతుంది. అది తప్పితే మళ్ళీ మర్నాడే. ఊరికే తిన్నాడనిపించుకోకూడదని కప్పు కట్టినాడు. "ఆడ ఈడు సచ్చిపోయినాడనే అనుకోని ఉంటారక్కా. గాజులు తీసేస్తారు" అంది పేరమ్మ.

నాకు సిగ్గుతో తల తిరిగింది. తాతల నాడే మనం శకునాలు మానేశాం, అవతలి మనిషికి అవి ఉంటాయనే తలపు నాకు రాలేదు. నేను ఒక మనిషికి భయపడినాను. అతను నా ప్రశ్నకు భయపడినాడు.

గురువారం తెల్లవారుజామున తలుపు తీసిపెట్టి, నోట్లో కొంగు కుక్కుకుని వంటింట్లో కూర్చున్నాను. అతను ముంగిట్లో ఆగి నాకోసం చూసినాడు, నేను కదలలేదు. పడవ వంపు తిరిగాక ప్రార్థన చేశాను. నిన్న సాయంత్రం పడవవాళ్ళు కబురు తెచ్చినారు. ఇంటి ముందు జనం పోగయి ఉన్నారట. పెళ్ళాం చెంచమ్మ చేతులు పట్టుకుని ముసలమ్మలు గాజుల మీద రాయి ఎత్తినారట. అప్పుడు వీధిలో మీ బావ పంచెతో ఇతను కనపడినాడట.

ఇదంతా నెల్లూరులో మా తమ్ముడి మాట విని చేశానని నేను పేరమ్మతో అన్నాను. అది వాళ్ళకు చేరింది. చిన్నపోలయ్య, పెళ్ళాం, పిల్లలు, అన్నదమ్ములు, అందరూ మంగళవారం నీకు దణ్ణం పెట్టడానికి వస్తున్నారు. కత్తులుంటాయి, భయపడవద్దు. ఎక్కడినుంచి వచ్చారని ఎంతసేపైనా అడుగు. లేచి బయలుదేరేటప్పుడు మాత్రం సలోమిని లోపల పెట్టి తలుపు గడియ వెయ్యి.

ఇట్లు,
నీ అక్క తబితమ్మ

తా.క.: నువ్వు పంపిన కానిస్టేబులు ఇక్కడే ఉన్నాడు. గురువారమూ నిన్నా బయలుదేరుతుంటే అలవాటు కొద్దీ అడిగేశాను, ఆగిపోయినాడు. ఈ పొద్దున జాగ్రత్తగా వంటింట్లోనే కూర్చున్నాను. చాలాసేపు ముంగిట్లో నిలబడి, తనే లోపలికొచ్చి, "ఏమమ్మా, ఈ పూట అడగవా?" అన్నాడు. పులుసు పొయ్యి మీద ఉంది.